తెర మీది పంతులుకు పూచీ ఎవరు?

(గిడుగు వెంకట రామమూర్తి గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



గిడుగు వారిని తలచుకోగానే అందరికీ వాడుక భాషా ఉద్యమం గుర్తుకొస్తుంది. అది సబబే. ఈ సాయంత్రం నేను మాత్రం ఆయనలోని బడిపంతులును తలచుకుంటాను. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతం మీద చేరిన కుర్ర పంతులు ఆయన. చుట్టూ కొండల్లో ఉండే సవరల భాషను పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టి, అక్కడ చదువు చెప్పేవాళ్లకు తానే జీతాలిచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకే ఒక మంచి బడి పెట్టమన్నారు. పిల్లవాడికి వాడి భాషలో చదువు చెప్పే మనిషిని సమకూర్చడం పెద్దల బాధ్యత అని ఆయన గట్టిగా నమ్మారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరారు. అప్పటికి ఆయన వయసు 72 ఏళ్లు.

ఆ రోజు గీసిన గీత ఇప్పటికీ అక్కడే ఉంది. పర్లాకిమిడి ఇవాళ ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. దాన్ని ఆనుకునే మన శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఆ పక్క బడిలో పంతులు కావాలంటే ఒడిశా ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్, పాసు కావాలి; ఈ పక్క కావాలంటే ఆంధ్రప్రదేశ్ టెట్. పాతపట్నంలో ఉన్న ఒక టీచరమ్మ ఫోను ముందు కూర్చుని పర్లాకిమిడి పిల్లలకు తెలుగు వాచకం చెప్పాలనుకుంటే, సిగ్నల్ ఉంటే చాలు, చెప్పవచ్చు. కానీ ఆ పాఠం బడి పాఠం అవుతుందా? ఆ టీచరమ్మ ఆ బడికి ఏమవుతుంది? ఆమె వల్ల మేలు జరిగితే ఎవరు గుర్తిస్తారు, తప్పు జరిగితే తల్లి ఎవరి గుమ్మం ఎక్కాలి? మన చట్టాల్లో ఎక్కడా దీనికి జవాబు రాసి లేదు. రాయాలని అడగడానికే ఈ వేదికను వాడుకుంటున్నాను.

ముందుగా ఒక తేడా తేల్చుకుందాం. విజయవాడలో తెల్లవారుజామున లేచి డల్లాస్‌లో ఉన్న పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టార్లు ఇవాళ మనలో ఉన్నారు. వాళ్లను టెక్సస్ ప్రభుత్వం లైసెన్సు అడగదు. అది ట్యూషన్, ఇంటివాళ్లకూ మాస్టారికీ మధ్య ఒప్పందం. అక్కడే మనబడి లాంటి సంస్థల్లో సెలవు రోజున తెలుగు నేర్పే తల్లిదండ్రులనూ ఎవరూ టీచరు లైసెన్సు చూపమనరు. అక్కడ చదివే పిల్ల తాను నేర్చుకున్న తెలుగును తన హైస్కూలు చదువులో భాగంగా లెక్కించమని అడిగిన రోజున మాత్రం సంగతి మారుతుంది. ఎవరు చెప్పారు, ఎంతసేపు చెప్పారు, వాళ్లను ఎవరు గుర్తించారు అన్న ప్రశ్నలు ఒక్కొక్కటే లేస్తాయి. పాఠం బడి రికార్డులోకి ఎక్కే చోట లైసెన్సు గొడవ మొదలవుతుంది. నేను మాట్లాడేది ముఖ్యంగా ఆ చోటు గురించి. ట్యూషన్ కంపెనీల సంగతి మధ్యలో వస్తుంది, ఎందుకంటే వాటి పాఠం ఇప్పుడు బడిలోకే నడిచి వస్తోంది.

మన దేశంలో పంతులు అర్హత సంగతి ఎలా ఉందో చూడండి. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. 1993 చట్టంతో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే మనందరం ఎన్‌సీటీఈ అనుకునే సంస్థ, చట్టబద్ధమైంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ కింద, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చదువు చెప్పేవాళ్లకు కనీస అర్హతలను అదే మండలి 2010 ఆగస్టు 23న ప్రకటించింది. టెట్ అప్పుడే వచ్చింది. 150 మార్కులకు 90 రావాలి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. మొదట ఆ సర్టిఫికెట్ ఏడేళ్లు చెల్లేది, 2021లో దాన్ని జీవితకాలం చేశారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, రిటైర్మెంటుకు ఐదేళ్లకు పైగా ఉన్న పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసు కావలసిందేనని చెప్పింది. ఆ తీర్పు విని నిద్రపోని టీచర్లు ఈ సభలోనే ఉండి ఉంటారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. అది వేరే ఉపన్యాసానికి తగిన విషయం.

ఇవాళ్టి విషయానికి కావలసిన సంగతులు ఇందులో రెండే. దేశమంతటికీ కొలమానం ఒకటే అయినా, పరీక్ష మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రమే పెడుతుంది. ఇంకో రాష్ట్రం ఇచ్చిన టెట్ సర్టిఫికెట్‌ను తమ బడులు పరిగణనలోకి తీసుకునే వెసులుబాటు 2011 ఫిబ్రవరి మార్గదర్శకాల్లో ఉంది. తీసుకుని తీరాలని మాత్రం లేదు. తలుపుకు గడియ వేయలేదు, అలాగని ఎవరూ తెరిచి పట్టుకోనూ లేదు.

రెండో సంగతి నాకు ఇంతకంటే ముఖ్యం. టెట్ ఒక పరీక్ష మాత్రమే. ఫలానా ఆదివారం ఈ మనిషికి ఇన్ని మార్కులు వచ్చాయని చెబుతుంది. ఆ తర్వాత పదేళ్లలో ఆ మనిషి పిల్లలతో ఎలా మసలుకున్నాడో చెప్పదు. ఉద్యోగంలోంచి తీసేశారా, కేసు ఉందా, ఏ సంవత్సరం ఏ శిక్షణ పొందాడు, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నాడు, ఇవేవీ ఆ కాగితంలో ఉండవు. లైసెన్సు అంటే ఇవన్నీ ఉండాలి. ఇవ్వడమే కాదు, తప్పు చేస్తే వెనక్కి తీసుకునే అధికారం కూడా ఎవరి చేతిలోనో ఉండాలి. ఆ అర్థంలో భారతదేశంలో బడిపంతులుకు లైసెన్సే లేదు.

పక్క వృత్తులను చూద్దాం. వకీలు రాష్ట్ర బార్ కౌన్సిల్లో పేరు రాయించుకుంటాడు. అడ్వకేట్ల చట్టం 1961లో వచ్చినా, దేశంలో ఏ కోర్టులోనైనా వాదించే హక్కునిచ్చే 30వ సెక్షన్ అమల్లోకి వచ్చింది 2011 జూన్ 15న. యాభై ఏళ్లు పట్టినా వచ్చింది. డాక్టర్ల విషయంలో అంత ఆలస్యం కాలేదు. కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజే, 2020 మార్చి 25న, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఏ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో నమోదైన డాక్టరైనా దేశంలో ఏ మూల ఉన్న రోగికైనా ఫోన్లో వైద్యం చెప్పవచ్చన్నాయి. చెప్పవచ్చని వదిలేయకుండా కట్టుబాట్లూ పెట్టాయి. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద, వెబ్‌సైటులో చూపించాలి. మధ్యలో ఉన్న యాప్ కంపెనీ ప్రతి డాక్టరు పేరు, చదువు, నంబరు రోగికి కనిపించేలా పెట్టాలి. నమోదైన డాక్టరా కాదా అని ముందే సరిచూసుకోవాలి. తప్పితే ఆ కంపెనీని బ్లాక్‌లిస్టులో పెట్టవచ్చు. నేను ఆ పత్రం చదివిన ప్రతిసారీ డాక్టరు అన్న చోట టీచరు అని, రోగి అన్న చోట పిల్లవాడు అని పెట్టుకుని చదువుతాను. చాలావరకు అతికినట్టు సరిపోతుంది.

అదే 2020లో లక్షల మంది పిల్లల చదువు కూడా తెర మీదికి వచ్చింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రలో సప్తగిరిలో వచ్చాయి. కేంద్రం జులైలో ప్రజ్ఞాత పేరుతో మార్గదర్శకాలు తెచ్చింది. ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు పాఠాలకు మించకూడదని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని పరిమితి పెట్టింది. పిల్లవాడు తెర ముందు ఎంతసేపు కూర్చోవాలో లెక్క కట్టాం. తెర అవతల ఎవరు కూర్చోవాలో చెప్పే నియమం మాత్రం రాలేదు. 2021 డిసెంబరులో ఎడ్‌టెక్ కంపెనీల విషయంలో జాగ్రత్తగా ఉండమని కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులకు సూచనలిచ్చింది. ఆ తర్వాత కంపెనీలు తమంతట తామే ఒక సంఘం కట్టి స్వీయ నియంత్రణ అన్నాయి. 2024 జనవరిలో వచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాలు ఒక మంచి పని చేశాయి: డిగ్రీ కంటే తక్కువ చదివినవాళ్లను, నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో శిక్ష పడినవాళ్లను బోధనకు పెట్టుకోకూడదన్నాయి. శిక్ష పడిందో లేదో ఒక రాష్ట్రంలో ఉన్న సెంటరుకు ఇంకో రాష్ట్రం సంగతి ఎలా తెలుస్తుంది? ఆ దారి చూపించలేదు.

ఇక్కడే అమెరికా అనుభవం మనకు పనికొస్తుంది. మనవాళ్ల పిల్లలు అక్కడి బడుల్లో చదువుతున్నారని మాత్రమే కాదు. ఈ చిక్కుతో అక్కడ పాతికేళ్లకు పైగా కుస్తీ పట్టారు కాబట్టి. అక్కడ ఉపాధ్యాయ లైసెన్సు పూర్తిగా రాష్ట్రాల చేతిలో ఉంది. దేశమంతా చెల్లే లైసెన్సు లేదు. 1997లో ఫ్లోరిడా వర్చువల్ స్కూల్ మొదలైంది. ఆ బడి టీచర్లకు ఫ్లోరిడా సర్టిఫికెట్ ఉండాలి. అంటే పంతులు ఎక్కడ కూర్చున్నాడన్న దాన్ని పక్కన పెట్టి, బడి ఎవరిది, పిల్లలు ఎక్కడివాళ్లు అన్నదాన్ని బట్టి నియమం పెట్టారు. నా దృష్టిలో అది సరైన మొదలు. తప్పు జరిగినప్పుడు నష్టపోయేది పిల్లవాడు. వాడు కూర్చున్న చోటి ప్రభుత్వానికే అడిగే హక్కు ఉండాలి.

అక్కడి కష్టం ఇంకోలా వచ్చింది. ఐదు రాష్ట్రాల పిల్లలకు పాఠం చెప్పే టీచరు ఐదు లైసెన్సులు తెచ్చుకోవాలి. ఐదు చోట్ల ఫీజులు, ఐదు చోట్ల వేలిముద్రలు, ఐదు రకాల పరీక్షలు. వాళ్ల సైనికుల కుటుంబాలు ఈ బాధ ముందే పడ్డాయి. భర్తకు బదిలీ అయిన ప్రతిసారీ టీచరుగా పనిచేసే భార్య మళ్లీ మొదటి నుంచి అర్హత నిరూపించుకోవాలి. అందుకే రక్షణ శాఖ డబ్బిచ్చి, రాష్ట్ర ప్రభుత్వాల మండలితో కలిసి ఒక అంతర్రాష్ట్ర ఒప్పందం రాయించింది. 2023లో కొలరాడో మొదట చేరింది. ఆ వేసవికే పది రాష్ట్రాలు పూర్తై ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఒక సభ్య రాష్ట్రంలో ఏ మచ్చా లేని పూర్తి లైసెన్సు ఉన్న టీచరుకు, ఇంకో సభ్య రాష్ట్రం తన దగ్గర దానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న లైసెన్సు ఇచ్చేయాలి. మళ్లీ పరీక్ష రాయమనకూడదు. నేర చరిత్ర తనిఖీ మాత్రం తాను చేసుకోవచ్చు.

ఈ ఒప్పందాన్ని చాలామంది ఆన్‌లైన్ టీచర్లకు వరం అనుకున్నారు. నిజానికి ఇది ఇల్లు మారేవాళ్ల కోసం చేసింది. ఇల్లు కదలకుండా ఐదు రాష్ట్రాల పిల్లలకు చెప్పేవాళ్లకు దారి కొంత సులువైంది, అంతే. ఇప్పటికీ ఐదు లైసెన్సులు కావలసిందే. నర్సుల విషయంలో అమెరికా వాళ్లు అంతకు ముందే, 2000లోనే, వేరే పద్ధతి మొదలుపెట్టారు. సొంత రాష్ట్రంలో ఒక్క లైసెన్సు తీసుకుంటే సభ్య రాష్ట్రాలన్నిటిలోనూ అదే చెల్లుతుంది. నర్సుకు వీలైంది పంతులుకు ఎందుకు వీలు కాలేదు? బడి పుస్తకాలు, చరిత్ర, భాష రాష్ట్రం రాష్ట్రానికి మారతాయి, రోగం మారదు అంటారు. అందులో నిజం ఉంది. కానీ మూడో తరగతి భాగహారం సరిహద్దు దాటితే మారదు. మారేవాటికి మారే నియమం, మారనివాటికి ఒకే నియమం పెట్టుకోవడానికి అక్కడి రాష్ట్రాలు ఇంకా సిద్ధపడలేదు.

అదే దేశంలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చే ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఏ రాష్ట్రంలోనైనా ఒక టీచరు లైసెన్సు రద్దయితే, సస్పెండైతే, ఆ పేరు ఒక ఉమ్మడి పట్టికలో చేరుతుంది. రాష్ట్రాల లైసెన్సు అధికారుల సంఘం దాన్ని నడుపుతుంది. కొత్త రాష్ట్రం లైసెన్సు ఇచ్చేముందు ఆ పట్టిక చూసుకుంటుంది. 2016లో యూఎస్‌ఏ టుడే పత్రిక విలేకరులు రాష్ట్రాల రికార్డులు తవ్వి చూస్తే, చర్య తీసుకున్న వేల పేర్లు ఆ పట్టికకు చేరనే లేదని బయటపడింది. కొన్ని రాష్ట్రాలు సరిగా పంపలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పట్టిక పెట్టగానే పని అయిపోదు. పేర్లు పంపడం ఎవరి విధి, ఎన్ని రోజుల్లో పంపాలి, పంపకపోతే ఏమిటి అన్నది చట్టంలో రాసి ఉండాలి. మన దేశంలో పట్టికే లేదు. ఒక జిల్లాలో పిల్లలపై అఘాయిత్యం చేసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి కాగితాలు ఆ జిల్లా విద్యాశాఖ కార్యాలయం బీరువాలో ఉంటాయి. కేసు నడుస్తుంటే కోర్టులో ఉంటాయి. అతను పక్క రాష్ట్రంలోని పిల్లలకు, తలుపు వేసుకున్న గదిలో ఒంటరిగా ఉన్న పిల్లకు, యాప్ ద్వారా పాఠం చెప్పడానికి కూర్చుంటే, ఆ పిల్ల తల్లికి తెలిసే మార్గం ఏదీ లేదు. పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, అది తప్పు జరిగాక శిక్షిస్తుంది. జరగకముందు ఆపేది పట్టికే.

చైనాను కూడా ఒక్క మాట తలచుకోవాలి. 2021 జులైలో అక్కడి ప్రభుత్వం ట్యూషన్ కంపెనీల మీద విరుచుకుపడింది. విదేశాల్లో కూర్చుని చైనా పిల్లలకు పాఠం చెప్పే విదేశీ టీచర్లను పెట్టుకోకూడదంది. వీఐపీకిడ్ అనే కంపెనీ ద్వారా అమెరికాలో ఇంటి నుంచి ఇంగ్లీషు చెప్పుకుని బతికిన ఎంతోమంది టీచర్లు కొన్ని నెలల్లో ఆ పని పోగొట్టుకున్నారు. వాళ్లలో మంచి టీచర్లు ఉన్నారు, పిల్లలు వాళ్లకు అలవాటు పడ్డారు. మంచీ చెడూ వడపోసే పద్ధతి లేనప్పుడు ప్రభుత్వం చేతిలో మిగిలేది మూసివేత ఒక్కటే. మన దగ్గరా నియమం లేకపోవడాన్ని స్వేచ్ఛ అనుకునేవాళ్లు ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు సంగతికి వస్తాను.

తెలుగు బడులు రెండు తెలుగు రాష్ట్రాలకే పరిమితం కాలేదు. తమిళనాడులో హోసూరు, కృష్ణగిరి వైపు, కర్ణాటకలో బళ్లారి, కోలారు వైపు, ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లో, మహారాష్ట్రలో సిరోంచ వైపు తెలుగు మాట్లాడే ఊళ్లు ఉన్నాయి. వాటిలో తెలుగులో చదువు చెప్పిన బడులు ఉన్నాయి. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ పూనుకోవాలని అది చెబుతుంది. దానికి ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది: ఒక తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఆ భాష పిల్లలుంటే ఒక టీచరును ఇవ్వాలి.

ఈ కొలత వల్ల ఎన్ని బడులు నిలబడ్డాయో, ఈ కొలత వల్లే అన్ని మూతపడే దారి పట్టాయి. ఒక ఊళ్లో తెలుగు పిల్లలు ఏడుగురు, పక్క ఊళ్లో నలుగురు, ఆ పైన ఊళ్లో ఐదుగురు. ఏ ఊరూ పదికి అందదు. టీచరు రిటైరవుతారు, కొత్తవారు రారు, పిల్లలు రాష్ట్ర భాషలోకి మారతారు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి అయ్యాక భాషా అల్పసంఖ్యాకుల సంఘాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. అక్కడి పిల్లలు తమిళం బాగా నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నారు కూడా. నా బాధ అది కాదు. తెలుగు చెప్పే మనిషి దొరకడం లేదు. తమిళనాడు టెట్ రాసి, తెలుగు మాధ్యమంలో శిక్షణ పొంది, హోసూరు దగ్గర పల్లెలో ఉండే యువతి ఎక్కడి నుంచి వస్తుంది? ఇటు కుప్పంలో, మదనపల్లెలో టెట్ పాసై, డీఎస్సీ నియామకాల కోసం ఎదురుచూస్తూ ఏళ్లు గడుపుతున్న తెలుగు యువతీయువకులు ఎంతోమంది ఉన్నారు.

పది మంది లెక్క ఒక గది లెక్క. 1949లో అంతకంటే వేరేగా ఆలోచించే అవకాశం లేదు. ఏడుగురు, నలుగురు, ఐదుగురు కలిస్తే పదహారు మంది. మూడు ఊళ్ల పిల్లలను ఒక తెర ముందు చేర్చగలిగినప్పుడు ఆ పదహారు మందినీ ఒక తరగతిగా లెక్కించమని అడిగే హక్కు మనకు ఉంది. ఆ తరగతికి పాఠం చెప్పే టీచరు సరిహద్దు ఇవతలివారైనా చెల్లాలి. సరిహద్దు జిల్లాల వరకైనా ఈ ఏర్పాటు మొదలుపెడితే 350ఏ అధికరణానికి ప్రాణం వస్తుంది. ఇది తెలుగువాళ్ల కోసమే అడగడం లేదు. కుప్పం, చిత్తూరు వైపు తమిళ పిల్లలున్నారు, మడకశిర వైపు కన్నడ పిల్లలున్నారు, ఇచ్ఛాపురం వైపు ఒడియా పిల్లలున్నారు. వాళ్లకు అవతలి టీచర్లు పాఠం చెప్పనివ్వడానికి మనం ముందు సిద్ధపడితేనే మన పిల్లల కోసం అడిగే నోరు మనకు ఉంటుంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. అన్నిటికంటే బరువైనది ఉపాధ్యాయ సంఘాలవారు లేవనెత్తేది: తెర మీద పంతులు దొరికితే ప్రభుత్వం గదిలో పంతులును తీసేస్తుంది. ఈ భయం నాకూ ఉంది. ఖర్చు తగ్గించే దారి కనిపిస్తే ఆర్థిక శాఖలు వెనుకాడవు. అందుకే నేను పాత అనుభవం ఒకటి గుర్తు చేస్తాను. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. సైట్ అని పిలిచే ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. తెర మీద ఎవరో చెబుతారు. చెప్పింది అర్థమైందా, ఆ మూల కూర్చున్నవాడు నిద్రపోతున్నాడా, ఈ పిల్ల ఈ పూట తిని వచ్చిందా, ఇవన్నీ చూసుకోవడం గదిలో ఉన్న మనిషి వల్లే అవుతుంది. ఆ ఏడాది టీవీతో పాటు వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది కూడా అందుకే. సరిహద్దు దాటే పాఠానికి అనుమతి ఇచ్చే ఏ నియమంలోనైనా మొదటి షరతు ఇదే కావాలి: తెర పక్కన, ఆ బడి జీతం తీసుకునే పెద్దమనిషి ఒకరు గదిలో ఉండాలి, తెర పాఠాన్ని చూపించి ఏ పోస్టునూ రద్దు చేయకూడదు.

స్థానికత గురించి కూడా అడుగుతారు. 371డి అధికరణం, రాష్ట్రపతి ఉత్తర్వుల కింద మన రెండు రాష్ట్రాల్లో టీచరు ఉద్యోగాలు ఎక్కువ భాగం స్థానికులవే. ఆంధ్రలో 80 శాతం, 2018 ఉత్తర్వు తర్వాత తెలంగాణలో 95 శాతం. ఆ రక్షణ వెనక పెద్ద పోరాటాలున్నాయి, దాన్ని ముట్టుకోవలసిన పని లేదు. నేను అడిగేది పోస్టు కాదు. పాఠం చెప్పే అనుమతి, ఆ పాఠానికి గౌరవ వేతనం. అవతలి రాష్ట్రపు కేడరులో ఆ టీచరు చేరరు.

కంపెనీల గురించి భయపడేవాళ్లదీ న్యాయమే. అంతర్రాష్ట్ర అనుమతి అనగానే పెద్ద ఎడ్‌టెక్ కంపెనీ ఒకటి వచ్చి ప్రభుత్వ బడికి పాఠాలు అమ్ముతుంది. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ బడి టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. అలాంటిది ట్యూషన్ కంపెనీ వచ్చి బడి టీచరు కుర్చీలో కూర్చుంటే ఎలా? నా అభిప్రాయం స్పష్టం. అనుమతి మనిషికి ఇవ్వాలి, కంపెనీకి కాదు. పేరు, ముఖం, నంబరు ఉన్న టీచరుకు ఇవ్వాలి. కంపెనీ కేవలం తెర సమకూర్చేది. ఆ తెర మీద కూర్చున్నవారి నంబరు సరిచూడకపోతే, డాక్టర్ల యాప్‌ల మాదిరే దాన్నీ నిషేధించే అధికారం ఉండాలి.

సరిహద్దు దాటే బడి ఇప్పటికే వచ్చింది కూడా. ఢిల్లీ ప్రభుత్వం 2022 ఆగస్టులో దేశంలో ఏ మూల పిల్లలైనా చేరవచ్చంటూ తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఒక వర్చువల్ బడి తెరిచింది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ తమది అంతకు ఏడాది ముందే వచ్చిందని ప్రకటించింది. ఎవరు ముందు అన్న వాదం మీద పత్రికల్లో చాలా రాశారు. బీహారు పిల్లవాడికి ఢిల్లీ టీచరు పాఠం చెబుతుంటే, ఫిర్యాదు ఏ రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లాలన్న ప్రశ్న ఆ వాదంలో వినపడలేదు.

కాబట్టి ఎన్‌సీటీఈ చేతిలో ఒక జాతీయ ఉపాధ్యాయ నమోదు ఉండాలి. ప్రభుత్వ, ప్రైవేటు, ఆన్‌లైన్ అనే తేడా లేకుండా పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు డబ్బు తీసుకుని చదువు చెప్పే ప్రతి ఒక్కరికీ అందులో ఒక నంబరు ఉండాలి. యూడైస్ లెక్కల్లో ఇప్పటికే బడి టీచర్ల వివరాలు ఏటా సేకరిస్తున్నాం. అది ప్రభుత్వం కోసం తీసే లెక్క. తల్లి ఫోను తీసి నంబరు కొడితే ఈ మనిషి ఎవరు, ఏ అర్హత, అనుమతి ఉందా రద్దయిందా అని చెప్పే పట్టిక కావాలి. అంతకు మించి వ్యక్తిగత వివరాలు బయట పెట్టనక్కర్లేదు. రద్దు చేసే ముందు టీచరు వాదన వినాలి, అప్పీలుకు వెళ్లే వీలుండాలి. గిట్టనివాళ్లు పెట్టిన ఒక్క ఫిర్యాదుతో ఒక మనిషి జీవితం కూలిపోకూడదు.

నంబరు ఇవ్వడానికి మళ్లీ పరీక్ష పెట్టవద్దు. టెట్ పాసైనవారికి టెట్ చాలు. ఒక రాష్ట్రపు టెట్‌ను ఇంకో రాష్ట్రం ఆన్‌లైన్ బోధన వరకు తప్పక గుర్తించాలి. ఆ రాష్ట్రపు పాఠ్యపుస్తకం, పరీక్ష పద్ధతి, పిల్లల రక్షణ నియమాలు తెలుసుకోవడానికి కొద్ది రోజుల శిక్షణ చాలు. తెలుగు వాచకం చెప్పే టీచరును తమిళంలో పరీక్ష రాయమని అడగకూడదు. పిల్లవాడు ఎక్కడ కూర్చున్నాడో అక్కడి విద్యాశాఖకు ఫిర్యాదు తీసుకునే అధికారం, టీచరు ఎక్కడ నమోదయ్యారో అక్కడి అధికారికి చర్య తీసుకునే బాధ్యత ఉండాలి. చర్య తీసుకున్న వారం లోపల పట్టికలో చేరాలి.

జాతీయ చట్టం వచ్చేదాకా ఆగవలసిన అవసరం లేదు. 2011 మార్గదర్శకాలు ఇచ్చిన వెసులుబాటుతోనే రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఒక ఒప్పంద పత్రం మీద సంతకం చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కలిసి కృష్ణగిరి జిల్లాలోని తెలుగు పిల్లలకు, చిత్తూరు జిల్లాలోని తమిళ పిల్లలకు వచ్చే విద్యాసంవత్సరం నుంచి ఒక్క తరగతితో మొదలుపెట్టవచ్చు. మూడో తరగతి తీసుకోండి. పిల్లలకు చదవడం అప్పుడప్పుడే పట్టుబడే వయసు అది. వారానికి ఐదు పాఠాలు, ఒక్కోటి నలభై నిమిషాలు. ఎవరి టీచరుకు వారు జీతం ఇవ్వాలి. హాజరు, మార్కులు పిల్లవాడి బడి రిజిస్టరులో ఎక్కాలి. తెర పక్కన కూర్చునే టీచరు పేరు, తెర మీద కనిపించే టీచరు పేరు, ఇద్దరి నంబర్లు, ఫిర్యాదుకు మండల విద్యాధికారి ఫోను నంబరు ఆ గది గోడ మీద పిల్లల భాషలో రాసి పెట్టాలి. ఈ సంగతులన్నిటితో ఒక ముసాయిదా తయారుచేసి రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు పంపాలని ఈ సభలో ఉన్న ఉపాధ్యాయ సంఘాల బాధ్యులను కోరుతున్నాను. రాయడానికి నేను కూర్చుంటాను. సరిహద్దు బడుల్లో పనిచేసినవారు ఒకరిద్దరు నాతో కూర్చోవాలి.